ఆగిన చదువు పోయిన చదువు కాదు

నిఖా ఖాయం కాగానే మన ఇళ్ళలో ముందుగా ఆగిపోయేది అమ్మాయి చదువు. బి.ఎస్సీ. రెండో సంవత్సరం అప్పుడే పూర్తయి ఉంటుంది. అత్తవారిది మరో జిల్లా. కాలేజీకి ఒక్క మాటైనా చెప్పకుండానే పుస్తకాలు అటకెక్కుతాయి. అబ్బాయిల సంగతి మరో రకం. గల్ఫ్‌లో ఉన్న తండ్రి పని పోయి తిరిగి వస్తే, బి.కాం. ఒక్క సంవత్సరం చదివిన కొడుకు దుకాణంలో కూర్చుంటాడు. కొన్నేళ్ళ తర్వాత 'డిగ్రీ పూర్తి చేయకూడదా?' అని ఎవరైనా అడిగితే ఇద్దరి జవాబూ ఒక్కటే: 'మళ్ళీ మొదటి నుంచి ఎవరు చదువుతారు?'

మొదటి నుంచే చదవాలని వారికి ఎవరు చెప్పారు? పాసైన పరీక్షలు పాసైనవే కదా! ఆ చదువును లెక్కలోకి తీసుకుని, మిగిలినది మాత్రమే చదివించే మార్గం నేడు ఉంది. దానికి గడువూ, కొన్ని షరతులూ ఉన్నాయి. తెలియకపోవడం వల్లనే ఆ గడువు దాటిపోతున్నది.

క్రెడిట్ అంటే ఏమిటి?

డిగ్రీ చదువును ఇప్పుడు సంవత్సరాలతో పాటు క్రెడిట్లలో కూడా కొలుస్తున్నారు. సుమారు 15 గంటల తరగతి బోధన ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశమంటే 60 గంటల పాఠం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. మొదటి సంవత్సరం 40 క్రెడిట్లతో ఆగిపోయినవారు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ పొందవచ్చు. రెండేళ్ళు, 80 క్రెడిట్లు పూర్తి చేసి అలాగే వృత్తి కోర్సు చేసినవారికి డిప్లొమా. ఇలా బయటికి వెళ్ళినవారు మూడేళ్ళలోపు తిరిగి చేరవచ్చు. మొత్తం డిగ్రీని ఏడేళ్ళలోపు ముగించాలి.

ఈ క్రెడిట్లను దాచే ఖాతా పేరు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. దీని నిబంధనలు 2021 జులైలో వెలువడ్డాయి. పేరులో బ్యాంకు ఉన్నా ఇక్కడ డబ్బు ఉండదు. విద్యార్థి ఏ పాఠ్యాంశంలో ఎన్ని క్రెడిట్లు సంపాదించాడో ఆ లెక్క ఉంటుంది. ఖాతా విద్యార్థి పేరున ఉన్నా జమ చేయవలసింది మాత్రం చదువు చెప్పిన విద్యాసంస్థే. మనం మార్కుల మెమో పట్టుకుని వెళ్ళి జమ చేసుకోలేము. 2021-22 విద్యాసంవత్సరం నుంచి చదివిన పాఠ్యాంశాలే ఈ ఖాతాకు అర్హమైనవి. జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ళు చెల్లుతాయి. అంటే 2023లో జమ అయిన వాటికి 2030తో గడువు తీరుతుంది. ఒక డిగ్రీకి వాడుకున్న క్రెడిట్లను మరో డిగ్రీకి వాడుకోవడానికి వీలు లేదు.

ఇంకొక షరతు ముఖ్యమైనది. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి రెండేళ్ళు చదివిన అమ్మాయి మరో యూనివర్సిటీకి మారితే, ఆ రెండేళ్ళూ పూర్తిగా కలుస్తాయని అనుకోరాదు. 120 క్రెడిట్ల డిగ్రీలో 60కి మించి బయటి నుంచి రావు. అదే యూనివర్సిటీ పరిధిలోని మరో కాలేజీకి మారితే ఈ చిక్కు ఉండదు. అందుకే అత్తవారి ఊరు ఏ యూనివర్సిటీ కిందికి వస్తుందో ముందుగా విచారించాలి.

కొత్త సంస్థ పాత సిలబస్‌ను తన సిలబస్‌తో పోల్చి చూస్తుంది. రెండూ దగ్గరగా ఉంటేనే ఆ పాఠ్యాంశాన్ని అంగీకరిస్తుంది. సీటు ఖాళీ ఉండాలన్నది వేరే విషయం. చదువు ఆపేరోజే మార్కుల మెమోలు, టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు సిలబస్ ప్రతిపై కాలేజీ ముద్ర వేయించి తెచ్చుకున్నవారికి తరువాత తిరుగుడు తప్పుతుంది.

ఇది మనకు కొత్త కాదు

చదివిన దానిని వెంట తీసుకుని వెళ్ళడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. ఒక ఉస్తాద్ వద్ద ఒక గ్రంథాన్ని చదివి వినిపించిన శిష్యుడికి, దానిని ఇతరులకు బోధించే ఇజాజత్ లభించేది. దానిని పట్టుకుని అతడు మరో నగరానికి, మరో ఉస్తాద్ వద్దకు వెళ్ళి తరువాతి గ్రంథం మొదలుపెట్టేవాడు. ఇమామ్ బుఖారీ బుఖారా నుంచి బయలుదేరి మక్కా, బస్రా, బాగ్దాద్, నైషాపూర్ వంటి నగరాల పండితుల వద్ద విద్య గ్రహించారు. ఒక ఊరిలో నేర్చినది మరో ఊరిలో లెక్కకు రాదని ఆనాడు ఎవరూ అనలేదు.

ఇంజనీరింగ్ చదివించే తల్లిదండ్రులకు మరో ఉదాహరణ తెలిసే ఉంటుంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరుతున్నారు. ముందు చదివిన చదువుకు విలువ కట్టడమే అది కూడా.

మద్రసా సనద్ సంగతి

మద్రసాలో చదివి, మద్రసాలోనే పాఠం చెప్పే నావంటివాడికి ఈ మాట రాయడం తేలిక కాదు. అయినా చెప్పాలి. ఆలిమ్, ఫాజిల్ కోర్సుల్లో గడిపిన ఏళ్ళు డిగ్రీలో క్రెడిట్లుగా జమ కావు. కాని కొన్ని యూనివర్సిటీల్లో అవి ప్రవేశానికి అర్హతగా పనికివస్తాయి. ఈ రెండింటికీ తేడా ఉంది. అర్హత తలుపు తెరుస్తుంది. లోపల చదువు మొదటి సంవత్సరం నుంచే సాగుతుంది.

హైదరాబాద్‌లో 1998లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ తాను గుర్తించిన మద్రసాల జాబితాను ప్రకటిస్తుంది. మద్రసా విద్యార్థుల కోసం అక్కడ బ్రిడ్జి కోర్సులు నడిచాయి. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలోనూ బ్రిడ్జి కోర్సు ఉంది. మీ పిల్లవాడు చదివే మద్రసా పేరు జాబితాలో ఉన్నదో లేదో చేర్పించే ముందే చూడడం మంచిది. లేకపోతే మద్రసా చదువుతో పాటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ద్వారా పదో తరగతి, ఇంటర్ స్థాయి పరీక్షలు రాయించవచ్చు. అక్కడ ఉర్దూ మాధ్యమం కూడా ఉంది. గుర్తింపు పొందిన బోర్డులో ఇదివరకు పాసైన రెండు సబ్జెక్టుల వరకు అది కలుపుకుంటుంది.

2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అది ఉత్తరప్రదేశ్ మద్రసా చట్టానికి సంబంధించినదైనా అందులోని సూత్రం అందరికీ వర్తిస్తుంది. ఆ చట్టాన్ని కోర్టు సమర్థించింది. కాని డిగ్రీ, పీజీ స్థాయిలో మద్రసా బోర్డు ఇచ్చే కామిల్, ఫాజిల్ పట్టాలు చెల్లవన్నది. డిగ్రీ ఇచ్చే అధికారం యూజీసీ చట్టం గుర్తించిన సంస్థలకే ఉంటుందన్నది దాని సారాంశం.

దళారుల మాట నమ్మవద్దు

'పాత మెమోలు ఇవ్వండి, ఒక్క సిట్టింగ్‌లో డిగ్రీ ఇప్పిస్తాం' అనే ప్రకటనలు చూస్తుంటాం. క్రెడిట్ బదిలీ అనే పేరును కూడా ఇప్పుడు వారు వాడుకుంటున్నారు. నిజమైన బదిలీలో చదవవలసిన సెమిస్టర్లు మిగిలే ఉంటాయి, పరీక్షలు మిగిలే ఉంటాయి. గల్ఫ్ ఉద్యోగానికి సర్టిఫికెట్‌ను తనిఖీకి పంపినప్పుడు దొంగ డిగ్రీ బయటపడితే ఉద్యోగమూ పోతుంది, కేసూ మిగులుతుంది. ఇల్లు వదిలి వెళ్ళలేనివారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో వంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. అక్కడి అధ్యయన కేంద్రానికి స్వయంగా వెళ్ళి, పాత చదువును ఎంతవరకు అంగీకరిస్తారో అడగండి.

పేరు ఒక్కటిగా ఉండాలి

మనవారికి ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. పదో తరగతి మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మొహమ్మద్'. ఒకచోట 'షేక్' ముందుంటుంది, మరోచోట వెనుక. ఇంగ్లీషు అక్షరాల్లో షేక్ అనే పేరునే మూడు రకాలుగా రాస్తారు. పెళ్ళి తరువాత అమ్మాయి ఆధార్‌లో పేరు మారుతుంది, మెమోల్లో పాతదే ఉంటుంది. క్రెడిట్ల ఖాతా ఆధార్, డిజిలాకర్ ఆధారంగా తెరుస్తారు కనుక, పేర్లు కలవకపోతే పని అక్కడే నిలిచిపోతుంది. కాలేజీ రికార్డునూ ఆధార్‌నూ పదో తరగతి మెమోతో సరిచూసుకోవాలి. ఆ పని చదువు సాగుతుండగా చేయిస్తే సులువు.

ఇంటివారు చేయవలసింది

చదువు ఆపక తప్పని పరిస్థితి వస్తే మూడు పనులు చేయండి. మొదటిది, ఆ సెమిస్టర్ పరీక్షలు రాయించి ఆపండి. సగంలో వదిలిన సెమిస్టర్‌కు క్రెడిట్లు రావు. రెండవది, కాలేజీ క్రెడిట్లు జమ చేసిందో లేదో ఖాతా తెరిచి చూడండి. చేయకపోతే రాతపూర్వకంగా అడగండి. మూడవది, గడువు ఏ సంవత్సరంతో తీరుతుందో కాగితం మీద రాసి మెమోలతో కలిపి భద్రపరచండి.

సంబంధం మాట్లాడేటప్పుడు మెహర్ గురించి, వలీమా గురించి ఎంతో వివరంగా మాట్లాడుకుంటాం. అమ్మాయికి మిగిలిన రెండు సెమిస్టర్ల సంగతి కూడా ఆ కూర్చున్నచోటే మాట్లాడుకుంటే తప్పేమిటి? అబ్బాయి తరఫువారు కాదనే విషయమేమీ కాదది. రేపు బిడ్డకు పాఠం చెప్పవలసింది ఆ తల్లే కదా! కోడలు తన బట్టలతో పాటు ఆ మెమోల కవరు కూడా తెచ్చుకుందా అని అత్తగారే అడిగే రోజు రావాలి.