దోమ దించి పోతుంది, ఆపైన నడకే

మీకు తెలుసా? దోమ కుట్టినంత మాత్రాన మలేరియా క్రిమి మన నెత్తురులో పడిపోదు. చాలాసార్లు అది చర్మంలోనే దిగుతుంది. అక్కడి నుంచి రక్తనాళం దాకా దాని ప్రయాణం దానిదే.

సుక్మా జిల్లాలో, కోంటా వైపున్న గొల్లపల్లి లాంటి బస్తర్ అడవి పల్లెలకు చలిజ్వరం కొత్త కాదు. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం రకం, అంటే ప్రాణం మీదికి తెచ్చేది. దోమ లాలాజలంతో పాటు వచ్చే ఈ క్రిమి రూపాన్ని స్పోరోజోయిట్ అంటారు. పొడవు మిల్లీమీటరులో నూరో వంతు. కాళ్లు లేవు, తోక లేదు, ఒళ్లు ముడిచి సాగదీసే అలవాటూ లేదు. అయినా సెకనుకు ఒకటి రెండు మైక్రాన్లు జారుకుంటూ పోతుంది. దాన్ని పట్టుకోవాల్సిన మన తెల్లకణాల వేగం అందులో సుమారు పదో వంతే.

ఈ జారుడు వెనక ఉన్నది మయోసిన్ అనే మోటార్ ప్రొటీన్. మన కండరాలను బిగించేదీ ఈ కుటుంబమే. క్రిమి పైపొర కింద మయోసిన్లు పాతుకుని ఉండి, యాక్టిన్ పోగులను వెనక్కి నెడతాయి. ఆ పోగులకు తగులుకున్న జిగురు ప్రొటీన్లు పొర దాటి బయటికి వచ్చి చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. పట్టు అక్కడే నిలుస్తుంది, క్రిమి ముందుకు సాగుతుంది. శబరి నదిలో గెడ వేసి పడవ నడిపేవాళ్లను చూసినవారికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

దిక్కు సంగతి మరీ విచిత్రం. స్పోరోజోయిట్ ఒళ్లు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ముందు, వెనక ఖాయం: జిగురు ప్రొటీన్లు ముందు కొస నుంచే బయటికొస్తాయి, మోటార్లన్నీ ఒకే వైపు నెడతాయి. అందుకే గాజు పలక మీద వదిలితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. చర్మంలో మాత్రం అడ్డదిడ్డంగా పోయి, రక్తనాళం తగిలితే దాన్ని చుట్టుకుంటూ లోపలికి దారి వెతుక్కుంటుంది.

ఈ మోటార్లకు ఇంధనం ఏటీపీ. కండరంలో ఆ పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. నోబెల్ మాత్రం సుబ్బారావుగారికి రాలేదు. ఆ లెక్క ఇంకా తేలలేదనే నా అభిప్రాయం.

అసలు మలేరియా క్రిమి మనిషి కంట పడిందే ఒక మోటార్ ప్రొటీన్ పుణ్యమా అని. 1880 నవంబర్ 6న అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి నెత్తురును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుండగా, ఒక కణం నుంచి సన్నటి తోకలు బయటికొచ్చి కొట్టుకున్నాయి. అవి క్రిమి తాలూకు మగ కణాలు. ఆ తోకలను ఆడించేది డైనీన్ అనే ఇంకో మోటార్. మన ఒంట్లో ఉన్నంతసేపూ అవి బయటపడవు. దోమ కడుపులో నెత్తురు చల్లబడ్డాక పది పదిహేను నిమిషాల్లో విప్పుకుంటాయి. పలక మీద చల్లబడ్డ చుక్కలోనూ అదే జరిగింది.

దోమలో మగ, ఆడ కణాలు కలిసి పుట్టే రూపం మళ్లీ మయోసిన్‌నే నమ్ముకుని కడుపు గోడను దాటి, బయటి వైపు తిత్తిగా మారుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమను కోసి చూసింది ఆ తిత్తులనే. 1902లో నోబెల్ తెచ్చిపెట్టిన పనికి అది ఆయువుపట్టు.

2020 జనవరిలో మొదలైన మలేరియా రహిత బస్తర్ కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటా అందరికీ వేలి చుక్కతో పరీక్ష చేశారు. ఒళ్లు వెచ్చబడనివాళ్లలోనూ చాలామందికి క్రిమి బయటపడింది. తోక విప్పని ఆ కణాలు అలాంటివారి నెత్తురులోనూ దోమ కోసం ఎదురుచూస్తూ ఉండగలవు మరి.

ఆఫ్రికా పిల్లలకు ఇస్తున్న రెండు మలేరియా టీకాలూ స్పోరోజోయిట్ ఒంటిమీది పూతకే గురిపెడతాయి. వాటిలో ఆర్21 పుణెలోనే తయారవుతోంది. ఆ పూతకు అంటుకునే యాంటీబాడీలు చేసే పనుల్లో ఒకటి, క్రిమిని చర్మంలోనే కదలకుండా ఆపేయడం.