ఆగిన ఎక్సెల్ మళ్లీ రోడ్డెక్కాలంటే

భువనగిరిలో బండి వయసు తెలుసుకోవడానికి కాగితాలు అక్కర్లేదు, నంబరు ప్లేటు చాలు. ఏపీ 24 అని ఉంటే తెలంగాణ ఏర్పడక ముందు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో రిజిస్టరైన బండి. టీఎస్ 05 అయితే 2014 తర్వాతది, టీఎస్ 30 అయితే 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడ్డాకది, టీజీ 30 అయితే 2024 మార్చి తర్వాతది. ఏపీ 24 ప్లేటుతో ఇంటి వెనక రేకుల కింద దుమ్ముకొట్టుకుపోయి నిలబడ్డ బండ్లలో టీవీఎస్ ఎక్సెల్‌ది ప్రత్యేకమైన స్థానం. గీత కార్మికుడి మోకును, కల్లు లొట్లను, పాల క్యాన్లను, పోచంపల్లి నేతగాళ్ల నూలు కట్టలను, యూరియా బస్తాలను మోసిన బండి అది. ఇప్పుడు దాన్ని తూకానికి అమ్మాలా, బాగుచేయించుకోవాలా? చాలామంది ఈ ప్రశ్నను మమకారంతోనో చిరాకుతోనో తేల్చేస్తారు. దీన్ని ఇంజిన్ నిర్మాణం నుంచి తేల్చాలన్నది ఈ వ్యాసం వాదన. ఎక్సెల్‌ను తిరిగి బతికించే గుణమూ, దాన్ని దోషిగా నిలబెట్టే గుణమూ ఒక్కటే. అది దాని నిర్మాణంలోని సరళత. ఆ రెండు వైపులూ చూడకుండా ఇచ్చే తీర్పు నిలవదు.

మన రోడ్ల మీద మోపెడ్‌కు బాట వేసింది 1972లో వచ్చిన కైనెటిక్ లూనా. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చోవడానికి వీలుగా మన దేశంలో తయారైన మొదటి మోపెడ్ అదే. ఎక్సెల్ ఆ కుటుంబంలో పుట్టినదే. పల్లెల్లో ఎక్కువగా తిరిగిన ఎక్సెల్ సూపర్ ఇంజిన్ 69.9 సీసీ, బలం నాలుగు హార్స్‌పవర్ కూడా ఉండదు. దీని మూలసూత్రం ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే 1890 ప్రాంతంలో రూపొందించిన రెండు స్ట్రోకుల ఇంజిన్‌ది. పిస్టన్ పైకి వెళ్తుంటే కింద క్రాంక్‌కేసులోకి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం చేరుతుంది. పిస్టన్ కిందికి దిగుతుంటే ఆ మిశ్రమం నొక్కుకుని పక్కదారుల గుండా పైకెక్కి, కాలిన పొగను ఎగ్జాస్ట్ రంధ్రం వైపు నెడుతుంది. రంధ్రాలను మూసేదీ తెరిచేదీ పిస్టనే. క్యామ్‌షాఫ్టు, టైమింగ్ చెయిన్, ఆయిల్ పంపు ఏవీ లేవు. పెట్రోలులో కలిపి పోసిన ఆయిలే లోపలి భాగాలకు జిడ్డు పెడుతుంది. గేర్లు కూడా లేవు. ఇంజిన్ వేగం పెరిగినప్పుడు బయటికి విచ్చుకునే క్లచ్ షూలే చక్రానికి పట్టు ఇస్తాయి. చెడిపోయే భాగాలే తక్కువ కాబట్టి చెడినప్పుడు వెతకాల్సిన చోట్లూ తక్కువే.

పదేళ్లు మూలన పడ్డ బండి పదేళ్లు నడిచి అరిగిపోయిన బండిలాంటిది కాదు. ఆగిన బండికి వచ్చే జబ్బు ప్రధానంగా రసాయనికం. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలులోంచి తేలిక భాగాలు ముందు ఆవిరైపోతాయి. మిగిలింది గాలితో కలిసి జిగురుగా గట్టిపడి, ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా లేని జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. పెట్రోలులోని ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరుపడతాయి, ఇనుము తుప్పు పడుతుంది. ప్లాటినం పాయింట్లున్న పాత మోడలైతే, వాడకం లేక వాటి మీద సన్నటి పొర ఏర్పడి కరెంటును అడ్డుకుంటుంది. పిస్టన్ రింగులు పాత ఆయిల్ మడ్డితో గాడిలోనే అతుక్కుంటాయి. ఈ లోపాల్లో చాలావాటికి శుభ్రపరచడమే మందు. కార్బురేటర్ విప్పి జెట్లు కడగాలి, పాయింట్లుంటే వాటిని సన్నటి ఎమరీ పేపరుతో రుద్దాలి. ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి ఒక రాత్రి నాననిచ్చి, ఇంజిన్‌ను మెల్లగా చేత్తో తిప్పాలి. బలవంతంగా తొక్కితే రింగు విరిగి సిలిండర్ గోడను గీరుతుంది. ఇక్కడ మ్యాగ్నెటో పెద్ద మేలు చేస్తుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం తిరుగుతూనే స్పార్కుకు కావలసిన కరెంటు పుట్టిస్తుంది, కాబట్టి బ్యాటరీ లేకున్నా బండి అంటుకుంటుంది.

అంటుకోవడంతోనే పని అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. నాలుగు స్ట్రోకుల బండిలో క్రాంక్ ఆయిల్ సీలు ఎండిపోతే ఆయిల్ కారుతుంది, అంతే. రెండు స్ట్రోకుల బండిలో క్రాంక్‌కేసే పంపు. సీలు ఎండి పగిలితే బయటి గాలి లోపలికి దూరుతుంది, మిశ్రమంలో పెట్రోలు పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఆగిన బండి మొదటి రోజు చక్కగా నడిచి మూడో రోజు జామ్ కావడానికి తరచూ ఇదే కారణం. తక్కువ ఖరీదు సీలు మార్చకపోతే బోరింగు, ఓవర్‌సైజు పిస్టన్ ఖర్చు మీద పడుతుంది. సైలెన్సర్‌లో పేరుకున్న కార్బన్ కూడా ఇలాంటిదే. పొగ వెళ్లే దారి ఇరుకైతే కొత్త మిశ్రమం లోపలికి సరిగా రాదు, బండి ఎత్తు ఎక్కలేక రొప్పుతుంది. మెకానిక్ సైలెన్సర్‌ను కాల్చి దులిపేది ఇందుకే.

ఇక అసలైన అభ్యంతరం పొగ. ఇది నిజమైన అభ్యంతరమే. కొత్త మిశ్రమమే పాత పొగను నెట్టే ఏర్పాటులో, ఎగ్జాస్ట్ రంధ్రం ఇంకా తెరిచి ఉండగానే కొంత పెట్రోలు కాలకుండా బయటికి పోతుంది. కొన్ని పరిస్థితుల్లో ఈ నష్టం మూడో వంతు దాకా ఉంటుంది. దానికి తోడు ఆయిల్ కాలిన నీలి పొగ. 1920ల్లో జర్మన్ ఇంజినీరు ష్న్యూర్లె మిశ్రమం మలుపు తిరిగి పైకెక్కేలా దారులు మార్చి ఈ నష్టాన్ని తగ్గించాడు కానీ పోగొట్టలేకపోయాడు. మన చట్టమూ ఇది ఒప్పుకుంది. పొల్యూషన్ పరీక్షలో 2000 మార్చి తర్వాతి నాలుగు స్ట్రోకుల బండికి హైడ్రోకార్బన్ల హద్దు 4,500 పీపీఎం అయితే, రెండు స్ట్రోకుల బండికి 6,000. అంతకుముందు తయారైన ద్విచక్ర వాహనాలకు 9,000. తయారీదారు కూడా 2015లో 99.7 సీసీ నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 తెచ్చి, 2020లో దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ జోడించాడు. కాబట్టి పాత ఎక్సెల్ కొత్తదానికి సమానమని వాదించడం కుదరదు. వాదించగలిగేది వేరు: రోజుకు అరవై కిలోమీటర్లు హైదరాబాదు రోడ్డు మీద తిరగడానికి అది తగదు, ఊరి నుంచి పొలానికి, తాటివనానికి నాలుగు కిలోమీటర్లు వెళ్లి రావడానికి తగుతుంది. చేతికొచ్చినంత ఆయిల్ పోయడం మానేసి కంపెనీ చెప్పిన పాళ్లలో టూటీ ఆయిల్ (రెండు స్ట్రోకుల ఇంజిన్ ఆయిల్) కలిపితే, కార్బురేటర్ సరిగా కూర్చితే పొగ బాగా తగ్గుతుంది.

ఈ ఖర్చుతో ఎలక్ట్రిక్ బండి వైపు వెళ్లొచ్చు కదా అంటారు మరికొందరు. 2024లో లూనా కూడా బ్యాటరీతో తిరిగొచ్చింది. కొత్త బండి కొనగలిగినవాడికి ఆ మాట సబబే. అయితే ఇంట్లో ఉన్న బండికి ఇనుము, అల్యూమినియం కరిగించిన ఖర్చు ఎప్పుడో అయిపోయింది. మిగిలింది జెట్టు, సీలు, ప్లగ్గు, కేబుళ్ల ఖర్చు. లక్షల్లో అమ్ముడైన మోడల్ కాబట్టి చిన్న విడిభాగాలు దొరకడం పెద్ద కష్టం కాదు. బోరు అరిగి, క్రాంక్ బేరింగులు పోయి, చాసిస్ తుప్పు తిన్నదైతే లెక్క తారుమారవుతుంది. అప్పుడు తూకానికివ్వడమే తెలివి.

బాగుచేసే వరుస మాత్రం చాలామంది తలకిందులు చేస్తారు. ఇంజిన్ మోగగానే బండి రోడ్డెక్కుతుంది, బ్రేకుల సంగతి తర్వాత గుర్తొస్తుంది. డ్రమ్ములో బ్రేక్ షూల లైనింగు ఊడిందేమో, కేబులు తుప్పు పట్టిందేమో ముందు చూడాలి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 1812 అంటే 2012లో 18వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరును నమ్మకూడదు. పెట్రోలు పైపు మార్చాలి, ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను పదిహేనేళ్లే. తర్వాత రవాణా శాఖ తనిఖీకి చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ సరేసరి. ఏపీ 24 ప్లేటు బండి మీ ఇంట్లోనూ ఉంటే, తూకం వేసేవాడిని పిలిచేముందు ఒకసారి మెకానిక్‌ను పిలవండి. ముందు బ్రేకులు, టైర్లు, కాగితాలు సరిచేయించి, ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయించండి.