కలయిక అంటే భయం, నొప్పి: వీఆర్ హెడ్‌సెట్ ఏం చేయగలదు?

ఈరోజు టాపిక్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. సిగ్గుపడాల్సిన విషయమని కాదు, ప్రశాంతంగా వినాలని.

పెళ్లయి ఏడాదైనా భార్యాభర్తలు కలవలేకపోతున్నారనుకోండి. మన సిక్కోలు వైపు ఏమంటారు? "ఆ పిల్లకి ఇష్టం లేని పెళ్లి చేసేశారు" అంటారు. పంచాయితీ పెడతారు, విడాకుల దాకా వెళ్తారు. కానీ ఇష్టం ఉన్నా ఇలా జరగొచ్చు. దగ్గరవ్వగానే యోని చుట్టూ ఉండే కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. దీని పేరు వెజైనిస్మస్. కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప మూసుకుంటుంది కదా, అలాంటిదే. ఆమె కావాలని చేసేది కాదు.

నా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇదొక ఇన్ఫినిట్ లూప్. భయం వల్ల బిగుతు, బిగుతు వల్ల నొప్పి, నొప్పి వల్ల ఇంకా భయం. "ఓర్చుకో" అన్నారంటే లూప్ ఇంకోసారి తిరుగుతుంది, అంతే.

మరి ఎక్కడ ఆపాలి? భయం దగ్గర. బారువ బీచ్‌లో అలలకి ఏడ్చే పిల్లాణ్ని ఒకేసారి నీళ్లలోకి తోసెయ్యం కదా. ముందు ఇసుకలో, తర్వాత పాదాలు తడిసేదాకా, ఆ తర్వాత మోకాళ్ల దాకా. దీన్నే ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు మొదట్నుంచీ వెజైనిస్మస్ ఉన్న 70 మందితో స్టడీ చేశారు. థెరపిస్ట్ పక్కనుండి ధైర్యం చెప్తుంటే, ప్రతి మెట్టూ ఆమే తన చేతులతో ఎక్కింది. థెరపీ తీసుకున్న 35 మందిలో 31 మంది కలయికకి చేరుకున్నారు. వెయిటింగ్‌లో ఉన్న 35 మందిలో నలుగురే.

ఇక వీఆర్ సంగతి. 1995లోనే అమెరికాలో ఎత్తంటే భయపడేవాళ్లకి హెడ్‌సెట్ పెట్టి అద్దాల లిఫ్ట్, బాల్కనీ చూపించి భయం తగ్గించారు. అదే పద్ధతిని ఇప్పుడు ఈ సమస్యకి కూడా ప్రయత్నిస్తున్నారు. బెడ్రూమ్, డాక్టర్ గది లాంటి సీన్లు మెల్లమెల్లగా చూపిస్తారు. ఎప్పుడు ఆపాలన్నది ఆమె చేతిలోనే ఉంటుంది. అయితే ఫ్రెండ్స్, ఇది ఇంకా చిన్న చిన్న స్టడీల దశలోనే ఉంది. ఆన్‌లైన్‌లో హెడ్‌సెట్ కొనేసి ఇంట్లో ట్రై చేయకండి.

అసలు పని చేసేది ఆ మెట్లు. హెడ్‌సెట్ ఒక కొత్త మెట్టు మాత్రమే. దానికోసం ఆగక్కర్లేదు. ముందు గైనకాలజిస్ట్‌ని కలవండి, ఎందుకంటే ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ వల్ల కూడా నొప్పి రావొచ్చు. మన శ్రీకాకుళం రిమ్స్‌లో కూడా గైనిక్ ఓపీ ఉంది. ఎదురుగా చెప్పలేకపోతే 14416కి కాల్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అబ్బాయిలూ, మీకొక మాట. ఆమె "ఆగు" అంటే ఆగండి. ఆ నమ్మకమే మొదటి మెట్టు.

ఈ వీడియో ఎవరికి అవసరమో మీకు తెలిసే ఉంటుంది. గ్రూపులో కాదు, వాళ్లకొక్కరికే పంపండి. ఉంటాను మరి.