మనం, మేము: పరాయి భాషలో ఒక కుటుంబం

ఒక కుటుంబం తన దేశం విడిచి, భాష తెలియని చోట స్థిరపడాలంటే ఏమేం నేర్చుకోవాలి? మాటలు నేర్చుకుంటే చాలని మనం అనుకుంటాం. కాని మాటల కంటే ముందు ధ్వనులున్నాయి, మాటల తరువాత మర్యాదలున్నాయి. ఈ మూడింటినీ తెలుగునాటికి వచ్చిన ఒక మిషనరీ కుటుంబం, తెలుగునాటి నుంచి వెళ్లిన మరో మిషనరీ కుటుంబం ఆధారంగా పరిశీలిద్దాం.

చెవి చేసే పని

ముందుగా ఒక చిన్న ప్రయోగం. 'త' అని పలకండి. నాలుక కొన పై దంతాల వెనుక తగులుతుంది. ఇప్పుడు 'ట' అని పలకండి. నాలుక వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. మొదటిది దంత్యం, రెండోది మూర్ధన్యం. ఇంగ్లీషు వారి 'టీ' ధ్వని ఈ రెండింటికీ మధ్య, చిగురు మీద పుడుతుంది. అందుకే 'పాట'కూ 'పాత'కూ ఉన్న తేడా వారి చెవికి సులభంగా అందదు.

ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. కెనడా శాస్త్రజ్ఞులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో హిందీలోని ఇలాంటి ధ్వనులనే ఇంగ్లీషు ఇళ్లలోని పసిపిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలల పిల్లల్లో ఆ శక్తి బాగా తగ్గింది. అంటే తన చుట్టూ వినిపించే భాషకు తగినట్టు మెదడు ఏడాదిలోపే ఒక జల్లెడ తయారు చేసుకుంటుంది. పెద్దయ్యాక మరో భాష నేర్చుకునేవారు ఆ జల్లెడను సాధనతో సవరించుకోవాలి. కష్టమే కాని, అసాధ్యం కాదు.

ఒంగోలుకు వచ్చిన కుటుంబం

అమెరికాకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన భార్య హారియెట్ 1865లో నెల్లూరు చేరారు. క్లౌ యువకుడిగా భూమి సర్వే పని చేసినవాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఈ దంపతులు ఒంగోలుకు మారారు. ఇద్దరూ పెద్దవాళ్లయ్యాక తెలుగు మొదలుపెట్టినవారే.

ధ్వనులు ఒక ఎత్తయితే, ఇంగ్లీషు వారికి తెలుగు వ్యాకరణంలో ఇంకో చిక్కు ఉంది. వారి భాషలో ఒకే మాటతో చెప్పేదానికి మనకు 'మనం', 'మేము' అని రెండు మాటలున్నాయి. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. బోధకుడు జనంతో మాట్లాడుతూ 'మన తప్పులు' అనాలి. అదే జనంతో కలిసి దేవుడికి ప్రార్థన చేస్తే 'మా తప్పులు' అనాలి. ఎందుకంటే అక్కడ వినేది దేవుడు. ఆయనను ఆ తప్పుల్లో కలపకూడదు. ఇది తారుమారైతే వాక్యం అర్థమే మారిపోతుంది. వ్యాకరణ పుస్తకం ఈ సూత్రాన్ని ఒక్క పంక్తిలో చెబుతుంది. కాని ఎవరిని కలుపుకోవాలో, ఎవరిని వదలాలో సమాజం నేర్పుతుంది.

ఈ ప్రశ్న ఒంగోలులో వ్యాకరణం దాటి బతుకులోకి వచ్చింది. తోలు పని, తోలు వ్యాపారం చేసే మాదిగ కుటుంబానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య 1866లో బాప్తిస్మం పొందారు. వారి వెనుక మరికొందరు వచ్చారు. క్లౌ దంపతుల పట్ల ఆసక్తి చూపిన పై కులాలవారికి ఇది నచ్చలేదు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. పై కులాల పిల్లలు బడికి దూరమయ్యారు. దంపతులు చాలా మథనపడి, వచ్చినవారిని కాదనకూడదని నిర్ణయించుకున్నారు. 'మనం' అనే మాటలో ఎవరుంటారన్నదే అక్కడి అసలు ప్రశ్న.

1876–78 నాటి మహా కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, వేలాది మందికి కూలి కల్పించాడు. సర్వే చదువు, తెలుగు మాట రెండూ ఆ పనికి ఉపయోగపడ్డాయి.

హారియెట్ మరణించాక క్లౌ వివాహం చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ కూడా ఒంగోలులో పనిచేసిన మిషనరీయే. చెప్పులు కుట్టే కుటుంబాలవారు చెప్పుకునే కథలను, నమ్మకాలను సేకరించి 1899లో ఇంగ్లీషులో పుస్తకంగా వెలువరించారు. బోధించడానికి వచ్చినవారు వినడం కూడా నేర్చుకున్నారనడానికి ఇది నిదర్శనం.

నెల్లూరు నుంచి నేటాల్‌కు

ఇప్పుడు ఎదురు దిక్కుగా సాగిన ప్రయాణం చూద్దాం. 1860 నవంబరులో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేర్చింది. ఆ తరువాతి యాభై ఏళ్లలో వేలాది తెలుగువారు అక్కడి చెరకు, తేయాకు తోటలకు వెళ్లారు. వారి కోసం తెలుగు బాప్టిస్టుల సంఘం 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను కుటుంబంతో సహా అక్కడికి పంపింది. ఆయన కియర్స్‌నీ అనే చోట తెలుగు సంఘాన్ని నెలకొల్పాడు.

ఆయన వినిపించవలసిన భాష సొంత భాషే. కాని చుట్టూ ఉన్న లోకం వేరు. యజమానులది ఇంగ్లీషు, స్థానికులది జూలూ. తోటి కూలీల్లో తమిళులు, భోజ్‌పురి మాట్లాడేవారు ఉన్నారు. వీరి మధ్య పని నడవడానికి జూలూ ఆధారంగా పుట్టిన 'ఫనగలో' అనే కలగలుపు భాష వాడుకలో ఉండేది. ఇన్ని భాషల మధ్య తెలుగు ఇంటికి, ప్రార్థనకు, పాటకు పరిమితమైంది. బడిలోకి, ఉద్యోగంలోకి ఇంగ్లీషు వచ్చాక కొన్ని తరాల్లో ఇంట్లోకీ అదే వచ్చింది. నేడు అక్కడి తెలుగు సంతతివారిలో అత్యధికుల ఇంటి భాష ఇంగ్లీషే.

మన ఇంటి సంగతి

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో పెరుగుతున్న తెలుగు విద్యార్థులకు ఇదంతా పరిచయమైన కథే. మనకు 'పాప వచ్చింది', 'బండి వచ్చింది' రెండూ ఒకటే. హిందీలో తలుపు పుంలింగం, కిటికీ స్త్రీలింగం: దర్వాజా ఖులా, ఖిడ్కీ ఖులీ. నాన్న ఇరవై ఏళ్ల తరువాతా ఇక్కడ తడబడితే చెల్లెలు నవ్వుతుంది. అదే చెల్లెలు తెలుగులో 'మనం' అనవలసిన చోట 'మేము' అంటుంది. ఇద్దరి జల్లెడలూ వేరు వేరు.

2003లో ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పన్నెండు తడవల్లో పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మాటలు టీవీలో వింటే పట్టుకోలేదు. టీవీ ద్వారా పాఠాలు చెప్పే మాకు ఇది కాస్త ఇబ్బంది కలిగించే నిజమే. అయినా చెప్పాలి: భాష మనిషి నుంచి మనిషికి అందుతుంది.

కాబట్టి కొత్త భాషలో తప్పు మాట్లాడే పెద్దలను చూసి నవ్వకండి. వారితో రోజూ కాసేపు ఆ భాషలో మాట్లాడండి. మీ తెలుగును వారి చేత దిద్దించుకోండి. అప్పుడు ఇంట్లో 'మనం' అనే మాట రెండు భాషల్లోనూ నిలుస్తుంది.