గింజ విరగకుండా

వడ్లగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. మొన దగ్గర గోరు ఆనించి మెల్లగా నొక్కితే పొట్టు పగులుతుంది. ఏమాత్రం గట్టిగా నొక్కినా లోపలి బియ్యపుగింజ విరుగుతుంది. విరిగింది తలంబ్రాలకు పనికిరాదు. క్షతం కానిదే అక్షత.

ఒక మధ్యాహ్నం నేనూ కూర్చుని ఒలిచి చూశాను. పావుగంటకే గోరు కింద మంట మొదలైంది. పళ్లెంలో పిడికెడు గింజలు కూడా లేవు. పక్కనున్న పెద్దావిడ మాత్రం పెదవులు కదుపుతూ, చేతులు ఆపకుండా ఒలుస్తూనే ఉంది. గింజకో రామనామం. నా అవస్థ చూసి, "తొందరపడకు నాయనా, పెళ్లికి ఇంకా రోజులున్నాయిగా" అంది. సొంత మనవరాలి పెళ్లి గురించి చెప్పినట్టే చెప్పింది.

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి చేరే గోటి తలంబ్రాలు ఇలా తయారవుతాయి. తూర్పు గోదావరి జిల్లా కోరుకొండలోని శ్రీకృష్ణ చైతన్య సంఘం వాళ్లు వీటికోసమే ప్రత్యేకంగా వరి పండిస్తారు. రాముడి వేషం, హనుమంతుడి వేషం కట్టుకుని పొలంలో దిగుతారు. పండిన వడ్లను ఊరూరా పంచితే, ఇంటింటా గోటితో ఒలిచి తిరిగి ఇస్తారు. మర పడితే నిమిషాల్లో అయిపోయే పని ఇది. ఇంత కష్టమెందుకని అడిగేవాళ్లు ఒక్కసారి ఒలుస్తూ కూర్చుంటే చాలు. గింజ మీదే చూపు నిలవాలి, వేలు అదుపులో ఉండాలి, మనసు పక్కకు పోతే గింజ విరుగుతుంది. జపమాల తిప్పేవాళ్లు ఏళ్ల తరబడి సాధించేది కూడా ఈ నిలకడే కదా! కల్యాణం నాడు ఆ బియ్యం ముత్యాలతో, గులాలుతో కలిసి సీతారాముల శిరస్సుల మీద పడుతుంది. ఏ గింజ ఎవరు ఒలిచారో ఒలిచినవాళ్లకే తెలియదు.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అడవి అంచున ఉన్న ఈ నేల కథలన్నీ తిరగేస్తే నాకు పదేపదే కనిపించేది ఇలాంటి చేతులే. సేవ అనగానే మనకు దయ, కరుణ గుర్తొస్తాయి. ఇక్కడ సేవ ముందుగా చేతిపని. ఒకే పనిని విసుగు లేకుండా వేలసార్లు చేయడం.

మొదటి చేతులు పోకల దమ్మక్కవి. భద్రారెడ్డిపాలెంలో ఉండేదట ఆ కోయ మహిళ. రాముడు కలలో కనిపించి, కొండ మీద పుట్టలో ఉన్నాననీ, తనను బయటికి తెమ్మనీ చెప్పాడని స్థలపురాణం. ఆ కథలో నన్ను పట్టి ఆపే చోటు కల కాదు, తర్వాతి పని. దమ్మక్క పుట్టను తవ్వలేదు. గోదారి నుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చి పుట్ట మీద పోసింది. గునపం వేస్తే విగ్రహానికి దెబ్బ తగలదూ? కుండ వెనుక కుండ పోస్తూ పోతే మట్టి దానంతటదే కరిగింది. ఏటి ఒడ్డు నుంచి కొండ మీదికి నీళ్ల కుండ ఎత్తుకుని ఎక్కడమంటే ఏమిటో, మండు వేసవిలో ఆ మెట్లెక్కినవాళ్లు ఊహించుకోగలరు. విగ్రహాలు బయటపడ్డాక పందిరి వేసింది. నైవేద్యానికి ఏముంది అడవిలో? తాటిపండు పెట్టింది.

తర్వాత కంచర్ల గోపన్న వచ్చాడు, మనం రామదాసు అని పిలుచుకునేది ఆయననే. నేలకొండపల్లివాడు, పాల్వంచ పరగణా తహసీల్దారు. ఖజానా సొమ్ముతో గుడి కట్టడం, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గడం, ఆ కీర్తనలు మనందరికీ తెలిసినవే. రామదాసు త్యాగాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ఆయన పాటలో తన బాధ చెప్పుకోగలిగాడు, రాముణ్ణి నిలదీయగలిగాడు. దమ్మక్క మాట్లాడిన మాట ఒక్కటీ మనకు మిగల్లేదు. కుండ, పందిరి, తాటిపండు, అంతే. ఇప్పుడు భద్రాచలంలో ఏటా దమ్మక్క పేరిట సేవాయాత్ర జరుగుతోంది. గూడేల జనం పూజాద్రవ్యాలతో ఊరేగింపుగా గుడికి వస్తారు. ఆలస్యంగానైనా ఆమెకు దక్కిన గౌరవం చూస్తే నా కళ్లు చెమరుస్తాయి.

మన కాలంలో ఆ కుండ మోసిన మనిషి దరిపల్లి రామయ్య. లోకానికి వనజీవి రామయ్య. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి ఆయనది. వచ్చే ఏటికి పనికొస్తాయని అమ్మ కూర గింజలు దాచిపెట్టడం చిన్నప్పుడు చూశారు. ఆ గింజలు దాచే అలవాటే ఆయన్ను జీవితాంతం నడిపించింది. వేసవిలో చెట్ల కింద తిరిగి గింజలు ఏరడం, ఎండబెట్టి మూటలు కట్టడం, తొలకరి పడగానే సైకిలు మీద బయల్దేరడం. కాలువ గట్టు, రోడ్డు పక్క, బడి ఆవరణ, గుడి వెనుక ఖాళీ జాగా, ఎక్కడ మట్టి కనిపిస్తే అక్కడ వంగడమే. రావి, వేప, కదంబం, మారేడు. జేబులో ఎప్పుడూ గింజలుండేవి. భార్య జానమ్మ గింజలు ఏరడంలోనూ, మొక్కలు నాటడంలోనూ ఆయన పక్కనే ఉన్నారు. ఉన్న మూడెకరాలూ అమ్మి ఆ డబ్బును మొక్కలకు, విత్తనాలకు పెట్టారు. భర్త పొలం అమ్మి చెట్లు నాటుతానంటే సరేనన్న ఆ తల్లి సేవను ఏ లెక్కలో వేస్తాం?

నాటిన మొక్కలు కోటి దాటాయని అంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అంత పెద్ద అంకె వినగానే చప్పట్లు కొడతాం గానీ, దాని వెనక ఉన్నది వంగడం, గుంట తీయడం, మట్టి కప్పడం, లేవడం. మళ్లీ వంగడం. రోజూ అంతే. చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందనే సంస్కృత నినాదాన్ని పారేసిన రేకుల మీద రాసుకుని, తల మీదా మెడలోనూ వేసుకుని తిరుగుతుంటే కొన్నేళ్లపాటు పిచ్చోడన్నారు. మనవరాళ్లకు చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్న మనిషికి ఆ మాట పట్టించుకునే తీరికెక్కడిది?

2022లో ఆయన రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది. పెద్ద వయసులో గాయాలతో ఆస్పత్రి పాలయ్యారు. అక్కడి నుంచే పోలీసులను కోరారు: గుద్దినతని మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి చాలు. క్షమాగుణం మీద ఎన్నో ప్రవచనాలు విన్నాను. నొప్పితో మంచం మీద ఉన్నవాడి నోట మొదట మొక్కల మాట రావాలంటే, ఆ పని ఎప్పుడో ఒంట్లోకి దిగిపోయి ఉండాలి. సాధన అంటే నాకు ఇంతకంటే పెద్ద అర్థం తెలియదు.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇదే అడవి అంచున, చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో, వానాకాలం వాగులు దాటి గుత్తికోయ గూడేలకు వెళ్లే ఆశా కార్యకర్తలున్నారు. నెత్తిన మందుల సంచి, నడుము లోతు నీళ్లు, అవతలి గట్టున నెలలు నిండిన గర్భిణి. గోదారి పొంగినప్పుడూ ఇళ్లు మునిగినవాళ్ల దగ్గరికి ముందుగా చేరేవాళ్లలో ఈ కార్యకర్తలుంటారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టు తర్వాత అంత నీరు చూడలేదు ఆ ఊరు. వీళ్ల పనిని సేవ అని పొగుడుతాం. పొగడాల్సిందే. కానీ నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కోసం ఆ ఆడవాళ్లు ధర్నాలు చేయాల్సి వచ్చింది. నిస్వార్థం అన్నది చేసేవాళ్లు తమంతట తాము ఎంచుకునే వ్రతం. కూలి ఎగ్గొట్టే యజమాని నోట ఆ మాట రాకూడదు. రామయ్య తన పొలం తానే అమ్ముకున్నారు, ఇంకొకరి చేత అమ్మించలేదు.

2025 ఏప్రిల్ 6న భద్రాద్రి రాముడి కల్యాణం జరిగింది. గోటి తలంబ్రాలు రాలాయి. ఆరు రోజులకు, ఏప్రిల్ 12 తెల్లవారుజామున, రెడ్డిపల్లిలో రామయ్య గుండె ఆగిపోయింది. ఉగాది వెళ్లి పక్షం రోజులు కాలేదు. వేపపూత అప్పుడప్పుడే రాలి పిందెలు కడుతోంది. పండ్లు రాలడానికి ఇంకా రెండు నెలలుంది. ఏటా ఆ సమయానికి సంచి పట్టుకుని చెట్ల కిందికి వెళ్లేది జానమ్మ, రామయ్యలే.