రంపపు పొట్టు కింద దాచిన శీతాకాలం

స్విట్జర్లాండ్‌లో దావోస్ అనే కొండ ఊరు ఉంది. నడి ఎండాకాలంలో వెళ్లినా ఆ ఊళ్లో ఒక పక్కన పెద్ద పొట్టుగుట్ట కనిపిస్తుంది. పైన 40 సెంటీమీటర్ల మందాన రంపపు పొట్టు, చెక్క ముక్కలు. వాటి కింద వేల ఘనపు మీటర్ల మంచు, కిందటి శీతాకాలంలో పోగుచేసి కప్పిపెట్టినది. అక్టోబరు చివర్లో పొట్టు తీసేసి, ఆ మంచును లారీలకెత్తి, నాలుగు కిలోమీటర్ల బాటగా పరుస్తారు. కొత్త మంచు పడకముందే క్రాస్ కంట్రీ స్కీయర్లు దాని మీద సాధన మొదలుపెడతారు.

ఇందులో మన వైపు వాళ్లకు ఆశ్చర్యమేమీ ఉండదు. సోడా కొట్టాయన పొద్దున్నే వచ్చిన ఐసు దిమ్మను ఊకలో పొర్లించి గోనెసంచిలో చుట్టిపెట్టడం బందరు దగ్గరి గూడూరు సెంటర్లో పెరిగిన నా వయసువాళ్లందరికీ తెలుసు. మధ్యాహ్నం మూడింటికి సంచి విప్పితే దిమ్మ కాస్త చిక్కి ఉండేదే కానీ కరిగిపోయేది కాదు. దావోస్‌లో జరిగేదీ అదే. కాకపోతే అక్కడ శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు. 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం దావోస్ గుట్టలో వేసవి దాటాక సుమారు 74 శాతం మంచు మిగిలింది. ఇటలీలోని మార్టెల్‌లో 63 శాతం.

పొట్టులో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి వేడి లోపలికి మెల్లగా పోతుందన్నది అందరం ఊహించేదే. అసలు రహస్యం పొట్టు తడిగా ఉండటంలో ఉంది. సున్నా డిగ్రీల దగ్గర కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,500 కిలోజౌళ్లు కావాలి. అంటే పొట్టులోంచి లీటరు నీరు ఆవిరైపోతే, ఏడు కిలోల మంచును కరిగించగల వేడి దానితోపాటు గాలిలోకి వెళ్లిపోతుంది. ఎండ పైన పొట్టును ఆరబెడుతూ ఉంటుంది, కరిగిన నీరు కింద నుంచి దాన్ని తడుపుతూ ఉంటుంది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో బయలుదేరిన మంచుగడ్డలు, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల తర్వాత కూడా కలకత్తాకు గడ్డలుగానే చేరాయంటే వాటినీ ఇలాంటి కప్పే కాపాడింది. మద్రాసు సముద్రతీరంలో ఇప్పుడు వివేకానందర్ ఇల్లంగా ఉన్న ఐస్‌హౌస్ ఆ వ్యాపారం కోసం 1842లో కట్టినదే.

దావోస్‌లో మంచును ఇలా దాచేదంతా ఒక ఆట కోసం. రెండు సన్నని స్కీలు కాళ్లకు తగిలించుకుని, రెండు కర్రలతో నేలను వెనక్కి నెడుతూ, ఎగుడు దిగుడు అడవి బాటల్లో 10, 20, 50 కిలోమీటర్లు పోవడం. దీని ప్రపంచ కప్పు 1981-82 నుంచి అధికారికంగా నడుస్తోంది. ఒక సీజన్ అంటే నవంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా, వారానికో ఊరు. 2024-25 సీజన్ ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన ఉన్న ఫిన్లాండ్ ఊరు రూకాలో మొదలైంది. అక్కడి నుంచి నార్వేలో లిల్లెహామర్, తర్వాత దావోస్, కొత్త సంవత్సరం చుట్టూ ఇటలీలో టూర్ డి స్కీ అనే వరస పందేలు, జనవరిలో ఆల్ప్స్ కొండలు, స్వీడన్‌లో ఫాలున్, నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్, ఆఖరుకు మళ్లీ ఫిన్లాండ్‌లోని లాహ్తీ. ప్రపంచ కప్పు పందెం గెలిస్తే 100 పాయింట్లు, రెండో స్థానానికి 95, మూడుకు 90. అలా తగ్గుతూ 50వ స్థానం దాకా ఇస్తారు. ఒక్క రోజు మెరిసి తర్వాత కనపడకుండా పోయేవాళ్లకు ఇక్కడ చోటు లేదు. మార్చి దాకా నిలబడాలి. ఆ సీజన్లో మగవాళ్లలో నార్వే వాడు యోహన్నెస్ క్లేబో, ఆడవాళ్లలో అమెరికాకు చెందిన జెస్సీ డిగిన్స్ అలా నిలబడి కప్పు గెలిచారు.

అయితే ఈ సీజన్లో ప్రతి వారం అందరితోనూ పోటీపడే ప్రత్యర్థి ఒకటుంది. అది నీరు. సున్నాకు అటూ ఇటూ ఊగుతూ, గడ్డకట్టీ కట్టక, కరిగీ కరగక ఉండే నీరు.

స్కీ మంచు మీద ఎందుకు జారుతుంది? మనిషి బరువుకు మంచు కరిగి నీరవుతుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. లెక్క వేస్తే ఆ ఒత్తిడి చాలదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు ఆల్ప్స్ కొండల్లో ప్రయోగాలు చేసి, రాపిడి వల్ల పుట్టే వేడే పలుచని నీటిపొరను తయారుచేస్తుందని చూపారు. మంచు ఉపరితలంలోని అణువులు లోపలివాటిలా గట్టిగా కట్టుబడి ఉండవనీ, సున్నాకు దిగువన కూడా పైపొర సగం ద్రవంగానే ఉంటుందనీ మరో వివరణ ఉంది. దానికి మొదటి ఆధారం 1850లో మైఖేల్ ఫారడే చూపాడు. ఇవాళ రెండూ కలిపే చెబుతారు. స్కీయర్‌కు కావలసిన సంగతి ఒకటే. ఆ పొర సరిపడా ఉండాలి. మైనస్ 20లో పొర దాదాపు ఏర్పడదు, మంచు రేణువులు ఇసుకలా గీరుకుంటాయి. సున్నా దగ్గర నీరు ఎక్కువై స్కీ అడుగును పీల్చి పట్టుకుంటుంది. మైనస్ మూడు నుంచి ఏడు దాకా జారుడు హాయిగా ఉంటుంది. అలాంటి రోజున రాపిడి గుణకం 0.03 చుట్టూ ఉంటుంది. అంటే 70 కిలోల మనిషిని చదును బాట మీద లాగడానికి రెండు కిలోల బరువును ఎత్తేంత బలం చాలు.

జారడమే అయితే చిక్కు లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు అదే స్కీ జారకుండా పట్టుకోవాలి. క్లాసిక్ అనే పద్ధతిలో దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఈ ఆటలో అన్నింటికంటే నచ్చింది. స్కీని విల్లులా మధ్యలో పైకి వంచి చేస్తారు. వంపు కింద, పాదం ఉండే చోట, జిగురు మైనం పూస్తారు. రెండు కాళ్ల మీద బరువు పంచుకుని జారుతున్నప్పుడు వంపు పైకే ఉంటుంది, మైనం మంచును తాకదు. ఒంటికాలి మీద బరువు మోపి తన్నగానే వంపు అణిగి మైనం మంచుకు ఆనుతుంది. మంచు రేణువుల కొనలు మైనంలో గుచ్చుకుని ఒక్క క్షణం స్కీని నిలబెడతాయి. కాలు ఎత్తగానే వదిలేస్తాయి. ఆ కొనలు కొత్త మంచులో వాడిగా ఉంటాయి, పాతబడితే మొద్దుబారతాయి, కరిగి గడ్డకడితే గాజు గుళికలవుతాయి. ప్రతిదానికీ వేరే మైనం. పందెం ఉదయం మైనం పూసేవాళ్లు చీకట్లోనే లేచి, మంచు ఉష్ణోగ్రత, తేమ కొలిచి, జతలకు జతల స్కీలు వేసుకుని జారి చూస్తారు. 2014లో సోచీ ఒలింపిక్స్‌లో వెచ్చటి తడిమంచు మీద వాళ్ల అంచనా తప్పింది. ఆడవాళ్ల రిలేలో అందరూ స్వర్ణం ఖాయమనుకున్న నార్వే ఐదో స్థానంలో పడింది.

జారుడు కోసం స్కీ అడుగున పూసే మైనంలో ఏళ్ల తరబడి ఫ్లోరిన్ రసాయనాలు కలిపారు. నీటిని అవి తోసివేసినంతగా మరేదీ తోసివేయదు. అదే వాటి పాపం కూడా. నేలలో, నీటిలో, రక్తంలో అవి విడిపోకుండా మిగులుతాయి. ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి ఆ పొగ పీల్చిన సాంకేతికుల రక్తంలో ఈ జాతి రసాయనం మామూలు జనంలో కంటే పదుల రెట్లు ఎక్కువగా తేలింది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2019లో నిషేధం నిర్ణయించింది. దాన్ని అమలు చేయగల పరీక్ష పరికరం కుదిరేసరికి 2023-24 సీజన్ వచ్చింది. ఇప్పుడు స్కీ అడుగు మీద పరారుణ కిరణాలు వేసి చూస్తారు. ఫ్లోరిన్ ఆనవాలు దొరికితే అనర్హతే. ఆట వేగం కాస్త తగ్గినా ఒప్పుకుని చేసిన ఈ పని నాకు గొప్పగా తోస్తుంది.

నీటి సంగతి ఇలా ఉంటే, దాని మీద మనిషిని నడిపే ఇంజను సంగతి వేరు. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో కొలిచే పద్ధతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న మామూలు కుర్రాడిలో అది కిలో బరువుకు 40 నుంచి 45 మిల్లీలీటర్లు. 1967లో స్వీడన్ శాస్త్రవేత్తలు సాల్టిన్, ఆస్ట్రాండ్ రకరకాల క్రీడాకారులను కొలిచినప్పుడు అందరికంటే పైన ఉన్నది క్రాస్ కంట్రీ స్కీయర్లే. ఇవాళ ముందు వరుసలో ఉండే మగవాళ్లలో 80 దాటడం మామూలు. 75 కిలోల మనిషికి 85 ఉందంటే నిమిషానికి ఆరు లీటర్లకు పైగా ప్రాణవాయువు. కూర్చున్నప్పుడు వాడే దానికి ఇరవై రెట్లకు మించి. కాళ్లు, చేతులు, వీపు, పొట్ట కండరాలు అన్నీ ఒకేసారి రక్తం అడుగుతాయి. గుండె ఆ అడిగినదంతా ఇవ్వాలి.

ఆ గుండె తొందరపెడితే తయారు కాదు. నార్వే స్కీయర్ మారిట్ బ్యోర్గెన్ శీతాకాల ఒలింపిక్స్‌లో 15 పతకాలు గెలిచింది. ఆమె రాసిపెట్టుకున్న సాధన డైరీలను శాస్త్రవేత్తలు 2017లో విశ్లేషించారు. ఇరవై ఏళ్ల వయసులో సంవత్సరానికి 520 గంటల సాధన, ముప్పై అయిదేళ్లకు 940 గంటలు. అందులో అత్యధిక భాగం పక్కవాళ్లతో మాట్లాడుతూ చేయగలిగినంత మెల్లని శ్రమ. చదువైనా ఆటైనా ఆయాసపడితేనే సాధన అని పిల్లలను తరిమే తల్లిదండ్రులు ఈ లెక్క చూడాలి.

అయినా ఆయాసపడే రోజులూ ఉంటాయి. టూర్ డి స్కీ ఆఖరి మజిలీ ఇటలీలో వాల్ డి ఫియెమ్మె లోయలో ఉంది. అప్పటికి కొద్ది రోజులుగా వరసగా పందేలు చేసిన ఒళ్లుతో ఆల్పె చెర్మిస్ అనే కొండ ఎక్కాలి. కిందికి జారడానికి చేసిన వాలు అది. కొన్ని చోట్ల వందకు 28 అడుగులు లేస్తుంది. పైన గీత దాటినవాళ్లు మంచు మీదే కూలబడిపోతారు. 2025 జనవరిలో ఆ టూర్‌ను క్లేబో, నార్వేకే చెందిన తెరేసె యోహాగ్ గెలిచారు.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ట్రాండ్‌హైమ్‌లో క్లేబో పోటీ చేసిన ఆరింటిలో ఆరూ గెలిచాడు. ఒకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అంతకుముందెవరూ చేయని పని. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లకు 50 కిలోమీటర్ల పందెం మొదటిసారి పెట్టిందీ అక్కడే, గెలిచింది స్వీడన్ అమ్మాయి ఫ్రీడా కార్ల్‌సన్. కానీ ఆ రోజుల్లో చాలాసార్లు బాట బురదలా మెత్తబడి ఉంది. ఇలాంటప్పుడు నిర్వాహకులు మంచు మీద ఉప్పు చల్లుతారు. కొన్ని చోట్ల యూరియా కూడా. ఉప్పు మంచును కరిగిస్తుంది కదా, చల్లడం ఎందుకు? కొంత కరిగించడానికే. కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న తడిమంచు నుంచి లాక్కుంటుంది. దాంతో మిగిలింది గట్టిపడుతుంది. మన పొలాల్లో చల్లే యూరియా నీళ్లలో కలిపినప్పుడు బకెట్టు చల్లబడటం గమనించిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మంచు తయారుచేసే యంత్రాలున్నాయి కదా అనవచ్చు. వాటికీ హద్దుంది, ఆ హద్దు మనకు బాగా సంబంధించినది. యంత్రం నీటిని తుంపరలుగా గాలిలోకి చిమ్ముతుంది. తుంపర కొంత ఆవిరై, మిగిలింది చల్లబడి గడ్డకట్టాలి. కాబట్టి మామూలు ఉష్ణమాపకం చెప్పేది చాలదు, తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చెప్పేది కావాలి. సున్నాకు ఒక డిగ్రీ పైన ఉన్న చలిలో గాలి తేమ 30 శాతమైతే తడి ఉష్ణోగ్రత మైనస్ మూడున్నర, మంచు తయారవుతుంది. అదే చలిలో తేమ 90 శాతమైతే సున్నాకు పైనే ఉంటుంది, నీళ్లే పడతాయి. బందరు తీరంలో మే నెలలో కూలీ ప్రాణానికి ముప్పెంతో చెప్పేదీ ఈ కొలతే. 40 డిగ్రీల ఎండలో తేమ 50 శాతముంటే తడి ఉష్ణోగ్రత 31కి చేరుతుంది. చెమట సరిగా ఆరదు, ఒళ్లు సరిగా చల్లబడదు. వాతావరణ వార్తల్లో ఈ అంకె రోజూ చెప్పాలని నా కోరిక.

మన దేశం ఈ ఆటలో లేకపోలేదు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో బహదూర్ గుప్తా, 2010లో తాషీ లుండుప్, 2014లో నదీమ్ ఇక్బాల్, 2018లో సైనికుడు జగదీశ్ సింగ్ పోటీ చేశారు. జగదీశ్ 15 కిలోమీటర్లను 43 నిమిషాల్లో పూర్తిచేసి 103వ స్థానంలో నిలిచాడు. గెలిచిన స్విట్జర్లాండ్ వాడు డారియో కొలోన్యాకు 33 నిమిషాల 43.9 సెకన్లు పట్టింది. గంటకు 21 కిలోమీటర్లకూ 26.7 కిలోమీటర్లకూ మధ్య తేడా అది. అందులో కొంత గుండె, కొంత మైనం, చాలా భాగం చిన్ననాటి నుంచి పోగుపడిన సాధన గంటలు.

ఆ గంటలకు మంచే అక్కర్లేదు. యూరప్ స్కీయర్లు వేసవంతా చక్రాల స్కీల మీద తారు రోడ్లపైనే సాధన చేస్తారు. కొడగు కాఫీ తోటల నుంచి వచ్చిన భవాని తెక్కడ నంజుండ ఇప్పుడు భారత్ తరఫున ఈ ఆటలో పోటీ చేస్తోంది, ఆమె పుట్టిన ఊళ్లో మంచు పడదు. మన డెల్టాలో కొండ లేదన్న కొరత ఉంది, నిజమే. కానీ స్వీడన్‌లో 1922 నుంచి జరుగుతున్న 90 కిలోమీటర్ల వాసలోపెట్ పందేన్ని ముందు వరుస మగవాళ్లు కాళ్లతో తన్నకుండా, జిగురు మైనం పూయకుండా, రెండు చేతులతో కర్రలు నెట్టుకుంటూనే పూర్తిచేస్తున్నారు. అలా నెట్టడం నేర్చుకోవడానికి చదును రోడ్డే మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున గూడూరు, పెడన చుట్టుపక్కల కాలవగట్ల వెంట అలాంటి రోడ్లున్నాయి. ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, నాలుగు జతల చక్రాల స్కీలు ఉంటే ఈ శీతాకాలమే మొదలుపెట్టవచ్చు.