నివాసవాటికలందు వ్యసన చికిత్సాలయములు

చెన్నపట్టణమున అడయారునకు చేరువనున్న ఇందిరానగరము కాపురములుండు పేట. ఇండ్లు, బడులు గల ఆ వీధుల నడుమనే టి.టి. రంగనాథన్ క్లినికల్ రిసెర్చి ఫౌండేషను వారి ఆసుపత్రి కలదు. తాగుడునకు లోనై చిన్నవయసుననే మరణించిన భర్త పేర శ్రీమతి శాంతి రంగనాథన్ 1980లో ఈ సంస్థను స్థాపించిరి. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించినది.

ఇట్టి చికిత్సాలయము తమ వీధికి రానున్నదని విన్నంతనే ఇరుగుపొరుగువారు అర్జీలు వ్రాయుట అనేక నగరములందు కలదు. దొంగతనములు పెరుగుననియు, పిల్లలు చెడుదురనియు, ఇంటి వెల తగ్గుననియు వారి భయము. ఈ భయమును పరిహసించుట తగదు; పరీక్షించుట తగును. అమెరికాలోని బాల్టిమోరు నగరమును గూర్చి 2016లో వెలువడిన యొక పరిశోధనలో, చికిత్సాలయముల చుట్టు జరిగిన హింసాత్మక నేరములు మద్యపు దుకాణముల చుట్టు జరిగిన వానికంటె తక్కువయని తేలినది. దుకాణమును సహించు వీధి వైద్యశాలను సహింపకపోవుట విచిత్రమే.

చికిత్స ఎట్లు జరుగునో తెలిసినగాని స్థలవిషయము బోధపడదు. బహుకాలము తాగినవాడు హఠాత్తుగా మానినచో రెండుమూడు దినములలో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. కావున తొలివారము వైద్యుని కనుసన్నలలో గడువవలెను. అసలు పని తరువాతిది. నెలల తరబడి రోగియు, భార్యయు, తల్లిదండ్రులును సలహాదారుని వద్దకు వచ్చుచుండవలెను. నల్లమందు జాతి మత్తులకు లోనైనవారికి బుప్రెనార్ఫిన్ మాత్రను సిబ్బంది యెదుట నాలుక క్రింద నుంచుకొనుటకు దినదినము రావలసియుండును. కూలికి పోవలసినవాడు రెండు బస్సులు మారి ఎన్నినాళ్లు రాగలడు?

కేంద్రప్రభుత్వము 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము దేశమున మద్యము వలన చిక్కులపాలై సాయము కావలసినవారు 5.7 కోట్లు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో యొక చికిత్స పొందిరి. పై ఫౌండేషనువారు తంజావూరు ప్రాంతమున మంజక్కుడి గ్రామమునకే చికిత్సను కొనిపోయి శిబిరములు నడపిరి. ఊరివారి కన్నులయెదుటనే రోగులు కోలుకొనిరి.

అయినను ఇరుగుపొరుగువారి యనుమానములలో న్యాయమైనది ఒకటి కలదు. అనుమతి లేక, వైద్యుడు లేక, రోగులను గదులలో బంధించి కొట్టు గృహములును ఈ పేరుతో నడచినవి. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మద్యము, మత్తుపదార్థముల వలని మానసికస్థితులను తన పరిధిలో చేర్చి, సంస్థల నమోదును విధించినది. వీధివారు అడుగవలసినది ఆ నమోదు పత్రమును, వైద్యుని పేరును. ఊరిబయటి స్థలమును కాదు. ఎవరును తొంగిచూడని చోటనే గదికి తాళము పడును.

ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగువారికి మరియొక చిక్కు కలదు. అంగడిలో తమిళమో కన్నడమో ధారాళముగా మాటలాడువాడును, భార్య నగలు తాకట్టుపెట్టి తాగితినని చెప్పవలసినపుడు ఇంటిభాషనే వెదకికొనును. చికిత్సాలయము పేటలోనున్నచో ఆ పేట తెలుగు నర్సో, సంఘపు పెద్దయో ప్రక్కన కూర్చుండగలరు. మానినవారు కలిసికొను ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సభలు చర్చి హాళ్లలోను, బడిగదులలోను జరుగుచునే యున్నవి. తెలుగు సంఘముల భవనములును అనేక సాయంకాలములు ఖాళీగనే యుండును.